ముగ్గు పోయకముందే పర్మిషన్: మన దిక్కు మడిగెలు, కాంప్లెక్సులు కట్టేటోళ్ల కోసం

మా మామది, అంటే పిల్లనిచ్చిన మామది, నల్గొండల దేవరకొండ రోడ్డు దిక్కు 240 గజాల జాగ. ఇంటికని పర్మిషన్ తీసుకొని కింద నాలుగు షట్టర్లు దింపిండు, పైన ఒక హాలు, దాని మీద ఇంకో హాలు. ఎవ్వరు అడగలే, మామకు గూడ అడగాలని అనిపించలే. బిల్డింగ్ అయినంక ఒక బ్యాంకోళ్లు బ్రాంచి కోసం ఫస్ట్ ఫ్లోర్ చూడనీకి వచ్చిండ్రు. టేపు పెట్టి కొలుచుకున్నరు, లాకర్ రూమ్ యాడ పెట్టాలె, జనరేటర్ యాడ పెట్టాలె అని వాళ్లల్ల వాళ్లే మాట్లాడుకున్నరు, మా అత్త చాయ్ గూడ పోసింది. పోయేటప్పుడు ఆ సారు 'ఓసీ జిరాక్స్ ఒకటి ఇయ్యండి' అన్నడు. మామ లోపలికి పోయి బీరువల నుంచి కవర్ తెచ్చి ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, రిజిస్ట్రీ కాగితం ఒక్కొక్కటి టేబుల్ మీద పెట్టిండు. సారు అన్ని మర్యాదగ చూసి, మళ్ల మడిచి చేతికిచ్చి 'ఇవి కాదండి' అన్నడు. మళ్ల రాలే. ఇప్పుడు ఆ హాల్ల ఒక బట్టల షాపోళ్లు మూటలు పెట్టుకుంటున్నరు, గోడౌన్ కిరాయి ఎంతుంటదో మీకు తెలుసు కదా.

ఓసీ అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, కట్టినంక మున్సిపాలిటీ ఇచ్చే కాగితం, ప్లాన్ ప్రకారమే కట్టిండ్రు, వాడుకోవచ్చు అని. అది కావాలంటే మొదటి రోజు నుంచే దారి సక్కగ ఉండాలె, మధ్యల అతికించనీకి రాదు. అందుకే ఎవరన్న 'అన్నా, మడిగెలు కడ్తున్న' అంటే నేను ఫస్ట్ అడిగేది ముగ్గు, అంటే పునాదికి సున్నంతోని గుర్తు, పోసిండ్రా ఇంకా లేదా అని. పోయకపోతే కింద చెప్పేవన్ని వరుసగ చేసుకోండి.

మొదటి పని జాగ కాగితం. ఇది బోర్ కొడ్తది గని సగం ఫైళ్లు ఇక్కడనే ఆగుతయ్. ఈసీ (జాగ మీద జరిగిన అమ్మకాలు, తాకట్టుల చిట్టా) తీయించండి, మీ సర్వే నంబరు నిషేధిత జాబితాల ఉందా, అంటే 22-ఏ లిస్టుల ఉందా చూడండి, అసైన్డ్ భూమా, వక్ఫ్‌దా, దేవాదాయ భూమా అన్నది గూడ అప్పుడే బయట పడ్తది. వ్యవసాయ భూమిల కడ్తుంటే నాలా కన్వర్షన్ (సాగు భూమిని వేరే వాడకానికి మార్పించుకునుడు) కావాలె, అది ఇదివరకు ధరణిల ఉండె, 2025 నుంచి భూభారతిల. చాలామంది 'రోడ్డు పక్కన ఉంది, చుట్టూ ఇండ్లే ఉన్నయ్, ఇంకేం వ్యవసాయం' అంటరు, కానీ పాస్‌బుక్‌ల వ్యవసాయ భూమి అని ఉన్నంత వరకు అది వ్యవసాయ భూమే, రోడ్డును చూసి ఎవ్వరు మార్చరు.

ప్లాటు అయితే లేఅవుట్ అప్రూవ్డా కాదా చూసుకోవాలె. కాకపోతే ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ రెగ్యులరైజేషన్ స్కీము) కట్టి ఉండాలె, 2020 ఆగస్టు 26 లోపు రిజిస్టర్ అయిన ప్లాట్లకే ఆ స్కీము. ఎల్‌ఆర్‌ఎస్ లెక్కల ఓపెన్ స్పేస్ చార్జీ అని ప్లాటు విలువ మీద 14 శాతం ఒక ఐటెం ఉంటది. జాగ కొనేటప్పుడే ఈ లెక్క వేసుకోండి, బేరం ఆడేటప్పుడు పనికొస్తది, కొన్నంక ఏడ్చి లాభం లేదు.

ఇంకొకటి, చెరువు. మన దిక్కు ప్రతి ఊరికి ఒక చెరువు, దానికి ఒక అలుగు, అలుగు కింద ఒక వాగు ఉంటది, ఎండకాలం చూస్తే అది మామూలు బీడు లెక్కనే కనపడ్తది. పాలమూరు పెద్దచెరువు దిక్కు గాని, పానగల్ ఉదయసముద్రం దిక్కు గాని, చిన్న కుంట పక్కన గాని జాగ ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) ఎక్కడి దాక ఉందో ఇరిగేషనోళ్లతోని రాయించుకోండి. 2012 బిల్డింగ్ రూల్స్, అంటే జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకన్న పెద్ద చెరువు అయితే ఎఫ్‌టీఎల్ అవతల 30 మీటర్లు వదలాలె, అంతకన్న చిన్న కుంట అయితే 9 మీటర్లు. వాగు, నాలా 10 మీటర్ల కన్న వెడల్పుంటే 9 మీటర్లు, అంతకన్న సన్నగ ఉంటే 2 మీటర్లు. ఈ బఫర్ల మీకు పట్టా ఉన్నా సరే బిల్డింగ్ రాదు. పట్టా వేరు, కట్టే హక్కు వేరు, దీని మీద టీ కొట్టు కాడ ఎంత గొడవ పెట్టుకున్నా ఆఫీసుల పని కాదు.

తర్వాత ఏ ఆఫీసు అన్నది. టౌన్‌ల అయితే మున్సిపాలిటీ, మహబూబ్‌నగర్ 2025ల కార్పొరేషన్ అయింది. టౌన్ బయట నుడా (నీలగిరి అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ), పాలమూరు దిక్కు ముడా (మహబూబ్‌నగర్ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ), ఇంకా 2025ల హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ) హద్దు పెంచినంక మన నల్గొండ, పాలమూరు రెండు జిల్లాల కొన్ని ఊర్లు గూడ దాంట్ల కలిసినయ్. మీ ఊరు ఎందుల ఉందో ఒకసారి అడిగి పెట్టుకోండి, పక్కూరి వాళ్లకు అయినట్టు మీకు కాకపోవచ్చు. గ్రామ పంచాయతీల అయితే ఇక్కడ పెద్ద మోసం జరుగుతది. పంచాయతీ సొంతంగ ఇచ్చేది చిన్న ఇండ్లకు, 300 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు. కమర్షియల్ అయితే డీటీసీపీ (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ) టెక్నికల్ అప్రూవల్ కావాలె. సర్పంచి సంతకం, స్టాంపు ఉన్న కాగితం చూపించి 'పర్మిషన్ ఉంది' అని ఫంక్షన్ హాలు కట్టినోళ్లు మనకు తెలిసినోళ్లలనే ఉన్నరు, ఆ కాగితం బ్యాంకు కాడ చెల్లదు.

ఇప్పుడు అసలు విషయం, 'ఇంటికని తీసుకొని మడిగెలు కడ్దాం' అన్న ఆలోచన. ఇది ఎందుకు పుట్టిందంటే ఇంటికి రూల్ సులువు. 2020ల వచ్చిన బీపాస్ (బిల్డింగ్ పర్మిషన్ల) చట్టం ప్రకారం 75 గజాల లోపు, 7 మీటర్ల ఎత్తు లోపు ఇల్లు అయితే పర్మిషనే అక్కర్లే, ఒక్క రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల దాక, అంటే దగ్గర దగ్గర 600 గజాలు, 10 మీటర్ల లోపు ఇల్లు అయితే సెల్ఫ్ సర్టిఫికేషన్, మీరే రాసిచ్చిన దాని మీద వెంటనే అప్రూవల్ వస్తది. కమర్షియల్‌కు అట్ల కాదు, సింగిల్ విండో, ఫైలు చూస్తరు, సైట్‌కు వస్తరు, 21 రోజుల్ల ఇయ్యాలె, ఇయ్యకపోతే అప్రూవ్ అయినట్టే లెక్క అని చట్టంల ఉంది.

చూస్తే ఇల్లు దారే మంచిగ అనిపిస్తది. కాని ఆ సెల్ఫ్ సర్టిఫికేషన్‌ల మీరు సంతకం పెట్టిన లైన్ ఒకసారి చదవండి, అబద్ధం చెప్తే నోటీసు ఇయ్యకుండనే కూలగొట్టొచ్చు అని మీరే ఒప్పుకుంటున్నరు. ఇల్లని రాసి షట్టర్ దింపుడు అంటే అబద్ధం చెప్పుడే, దానికి వేరే పేరు లేదు. మామ అదృష్టం, ఆయన పాత కాలంల కట్టిండు.

ఇంకో సంగతి, 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు తీర్పు ఒకటి వచ్చింది, మీరట్ శాస్త్రినగర్‌ల ఇంటి ప్లాటుల దుకాణాలు కట్టిన కేసు. ఎన్నేళ్ల నుంచి నడుస్తున్నా, ఎంత పెట్టుబడి పెట్టినా అక్రమ కట్టడం సక్రమం కాదు అన్నది, కూల్చుడు కరెక్టే అన్నది. అంతటితో ఆగకుండ దేశం మొత్తానికి కొన్ని ఆర్డర్లు ఇచ్చింది: కట్టే కాడ అప్రూవ్డ్ ప్లాను అందరికి కనపడేటట్టు పెట్టాలె, కరెంటు, నీళ్ల కనెక్షన్ ఓసీ చూసి ఇయ్యాలె, పర్మిషన్ లేని బిల్డింగ్‌ల వ్యాపారానికి లైసెన్స్ ఇయ్యొద్దు, బ్యాంకులు ఓసీ చూసే లోన్ ఇయ్యాలె. మామ కాడికి వచ్చిన బ్యాంకు సారు ఎందుకు అట్ల లేచి పోయిండో ఇది చదివినంక నాకు ఇంకా మంచిగ అర్థమైంది.

ఇగ ప్లాను. లైసెన్స్ ఉన్న ఆర్కిటెక్ట్‌నో ఇంజినీరునో పట్టుకోండి, పక్క బిల్డింగ్ ప్లాను జిరాక్స్ తెచ్చి 'ఇట్లనే కావాలె' అనొద్దు. సెట్‌బ్యాక్ (బిల్డింగ్ చుట్టూ వదిలే ఖాళీ) అన్నది ప్లాటు సైజు, ముందల రోడ్డు వెడల్పు, బిల్డింగ్ ఎత్తు, ఈ మూడింటిని బట్టి మారుతది, పక్కోనిది మీకు సరిపోదు. ముందల రోడ్డు వెడల్పు అంటే మీరు టేపుతోని కొలిచింది కాదు, మాస్టర్ ప్లాన్‌ల ఉన్నది. ఇప్పుడు 40 ఫీట్లు ఉన్న రోడ్డు మాస్టర్ ప్లాన్‌ల 60 ఫీట్లు అని ఉంటే ఆ తేడాల మీ వంతు జాగ ముందే వదిలి, దాని అవతల నుంచి సెట్‌బ్యాక్ లెక్క పెట్టాలె. గుండెల రాయి పడినట్టు అయితది నిజమే, కాని ఊరికే పోదు, వదిలిన జాగకు బదులు సెట్‌బ్యాక్‌ల కొంత సడలింపు గాని టీడీఆర్ (వేరే కాడ ఎక్కువ కట్టుకునే, లేకపోతే అమ్ముకునే హక్కు పత్రం) గాని అడగొచ్చు. రోడ్డు వెడల్పు పనులల్ల షట్టర్లు సగం కోసినంక లోపల మెట్లు గాలిల వేలాడే బిల్డింగులు చూడని టౌన్ మన దిక్కు ఏది లేదు కదా.

భూమి ఏ జోన్‌ల ఉందో గూడ అప్పుడే అడగండి. మాస్టర్ ప్లాన్‌ల రెసిడెన్షియల్ అని ఉంటే కమర్షియల్ ఎంత వరకు కుదురుతదో ఇంజినీరుతోని నోటిమాట కాకుండ కాగితం మీద చెప్పించుకోండి. పార్కింగు విషయంల మనోళ్లు అందరు ఒకటే తప్పు చేస్తరు, ప్లాన్‌ల సెల్లార్ పార్కింగ్ అని గీయించి, కట్టినంక దాన్నే మెడికల్ షాపుకో, జిమ్ముకో కిరాయికి ఇస్తరు. ఓసీ టైంల సైట్‌కు వచ్చిన వాళ్లు ఫస్ట్ దిగేది సెల్లార్‌లకే.

తర్వాత ఎన్‌ఓసీలు, అంటే 'మాకు అభ్యంతరం లేదు' అని వేరే శాఖలోళ్లు ఇచ్చే కాగితాలు, ఇవి బిల్డింగ్‌ను బట్టి. ఫైర్ ఎన్‌ఓసీ కమర్షియల్ అయితే 15 మీటర్లు, అంతకన్న ఎత్తుకు కావాలె, 15 మీటర్లంటే 49 ఫీట్లు. కాని ఫంక్షన్ హాలు, స్కూలు, సినిమా హాలు లాంటివి, జనం గుంపుగ వచ్చేవి అయితే 6 మీటర్ల ఎత్తు దాటినా, ప్లాటు 500 చదరపు మీటర్లు దాటినా కావాలె. మన ఊర్లల్ల ఫంక్షన్ హాళ్లు ఎట్ల మొలుస్తున్నయో చూస్తున్నరు కదా, రేకుల షెడ్డే కదా, ఎత్తు లేదు కదా అనుకుంటరు, 20 ఫీట్లు దాటితే లెక్కల వచ్చినట్టే. ఈ రూల్ మీద నేను వాదన పెట్టుకోను. రెండు వేల మంది తినే కాడ వంట గ్యాస్ సిలిండర్లు వరుసగ పెట్టి, బయటికి పోనీకి ఒకటే గేటు ఉండుడు నేను కళ్లార చూసిన.

హైవే మీద అయితే ఇంకో లెక్క. నార్కట్‌పల్లి, నకిరేకల్ దిక్కు 65 మీద, జడ్చర్ల, భూత్పూర్ దిక్కు 44 మీద, కల్వకుర్తి దిక్కు శ్రీశైలం రోడ్డు 765 మీద హోటల్, దాబా, షోరూమ్ పెట్టాలంటే రోడ్డులకు దారి తీసుకునేటందుకు హైవేవాళ్ల యాక్సెస్ పర్మిషన్ కావాలె. ఊరి బయట ఓపెన్ జాగల రోడ్డు నడి మధ్య నుంచి 40 మీటర్ల లోపు బిల్డింగ్ రావొద్దు, 75 మీటర్ల దాక కంట్రోల్ లైన్ ఉంటది. మున్సిపాలిటీ పర్మిషన్ ఇచ్చింది కదా అని మట్టి పోసి సర్వీసు రోడ్డులకు ర్యాంపు దించితే వాళ్లు వచ్చి బారికేడ్ పెట్టి పోతరు, అప్పుడు బిల్డింగ్ ఉంటది, లోపలికి బండి రాదు.

ఇవన్ని చేతిల పట్టుకున్నంక ఆన్‌లైన్ అప్లికేషన్. బీపాస్ పోర్టల్ ఉండె, 2025 నుంచి బిల్డ్‌నౌ అని కొత్తది తెచ్చిండ్రు, మీ ఇంజినీరు ఏది నడుస్తుందో దాంట్ల పెడ్తడు. లాగిన్ మాత్రం మీ ఫోన్ నంబరు మీదనే పెట్టించండి. ఇంజినీరు నంబరు మీద పెట్టి, ఆయన మెసేజ్ చూడక, షార్ట్‌ఫాల్ (ఇది తక్కువుంది అన్న నోటీసు) వచ్చిన సంగతి నెల దాక తెలియక 21 రోజుల లెక్క మళ్ల మొదటికి వచ్చినోళ్లు చాలామంది. ఫీజులల్ల పర్మిట్ ఫీజు, డెవలప్‌మెంట్ చార్జీలు, ఖాళీ స్థలం పన్ను బాకీ ఉంటే అది, ఇంకా కట్టడం ఖర్చు మీద ఒక శాతం లేబర్ సెస్, ఇవన్ని ఉంటయ్. అన్ని ఆన్‌లైన్‌ల కట్టండి, రసీదు పీడీఎఫ్ దాచుకోండి. చేతికి ఇచ్చిన దానికి రసీదు ఉండదు, అది అందరికి తెలిసిన ముచ్చటే.

ఇంకోటి, తనఖా. కట్టే ఏరియాల 10 శాతం మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ రాసియ్యాలె, ఓసీ వచ్చినంకనే విడుదల. ఏ షట్టర్ రాసియ్యాలె అన్నది ముందే ఆలోచించండి, రోడ్డు మూల మీద ఉన్న మంచి మడిగె రాసిచ్చి తర్వాత దాన్నే అమ్మనీకి పోయి రిజిస్ట్రేషన్ కాక ఇరుక్కుంటరు. మడిగెలు విడివిడిగ అమ్ముదామన్న ప్లాన్ ఉంటే, జాగ 500 చదరపు మీటర్లు దాటినా, యూనిట్లు 8 దాటినా రెరాల (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థల) రిజిస్టర్ చేయకుండ యాడ్ గూడ ఇయ్యొద్దు.

పర్మిషన్ వచ్చింది, ఇప్పుడు ముగ్గు. ఈ రోజు మీరు సైట్ మీద ఉండాల్సిందే, పెండ్లి ఉన్నా సరే. మా బామ్మర్ది భూత్పూర్ రోడ్డుల కట్టినప్పుడు మామ అనుభవం గుర్తు పెట్టుకొని అన్ని సక్కగ చేసిండు, ప్లాన్ లామినేషన్ చేయించి షెడ్డుకు కట్టిండు. ముగ్గు రోజు పొద్దున్నే నేను గూడ పోయిన. మేస్త్రి తాడు లాగి, మేకు కొట్టి, సున్నం పోస్తుండు. నేను ముందల నుంచి టేపు పెట్టి చూస్తే ప్లాన్‌ల ఉన్న దానికన్న తొమ్మిది అంగుళాలు తక్కువ వచ్చింది. 'ఏందే ఇది' అంటే ఆయన నవ్వి 'ఏం కాదన్నా, ముందలికి జరా జరిపిన, షట్టర్ కొంచెం పెద్దగ వస్తది, ఎవరు కొలుస్తరు' అన్నడు. మంచి మనసుతోనే చేసిండు పాపం, ఓనర్‌కు లాభం చేస్తున్న అనుకున్నడు. తాడు విప్పించి మళ్ల కొట్టించినం, అరగంట పని. అదే పిల్లర్ లేచినంక అయితే? పక్క సెట్‌బ్యాకులల్ల 10 శాతం దాక తేడా వస్తే ఫైన్ కట్టి సరి చేసుకునే దారి ఉంది, ముందల సెట్‌బ్యాక్‌కు ఆ దారి గూడ లేదు. మేస్త్రికి ముందే చెప్పండి, ప్లాన్ దాటి ఇంచు జరిపినా నీ కూలి పైసలల్ల పట్టుకుంట అని, నవ్వుకుంటనే చెప్పండి గని చెప్పండి.

బేస్‌మెంట్, ఒక్కో స్లాబ్ అయినప్పుడు టేపు కనపడేటట్టు ఫోటోలు తీసి పెట్టుకోండి. మధ్యల 'ఇంకో ఫ్లోర్ వేద్దాం, ఎట్లాగు పిల్లర్లు గట్టిగ ఉన్నయ్' అన్న ఆలోచన తప్పకుండ వస్తది, స్లాబ్ మీద నిలబడి చూసినప్పుడు అందరికి వస్తది. వేయాలనుకుంటే ఆగి రివైజ్డ్ ప్లాన్ పెట్టండి. పర్మిషన్ లేకుండ వేస్తే ఇంటి పన్ను మీద పెనాల్టీ పడ్తది, అది ఏడాదికోసారి కట్టేది కాబట్టి ఒకసారి కట్టి మర్చిపోయే ఫైన్ లెక్క కాదు. పెనాల్టీ కట్టినంత మాత్రాన ఆ ఫ్లోర్ సక్రమం గూడ కాదు, ఇది చాలామందికి తెల్వదు, 'ట్యాక్స్ కడ్తున్నం కదా' అంటరు.

కట్టుడు అయిపోయినంక ఓసీకి అప్లై చేయాలె, పెయింట్ ఎండేదాక ఆగకండి. ఆర్కిటెక్ట్ కంప్లీషన్ సర్టిఫికెట్, స్ట్రక్చరల్ ఇంజినీరు సర్టిఫికెట్, ఫైర్ కావాల్సిన బిల్డింగ్ అయితే ఫైనల్ ఎన్‌ఓసీ, ఇంకుడుగుంత ఫోటో, పార్కింగ్ ఖాళీగ ఉన్న ఫోటో. 15 రోజుల్ల ఇయ్యాలె అని ఉంది. ఓసీ లేకుండ కరెంటు, నీళ్ల రెగ్యులర్ కనెక్షన్ ఇయ్యొద్దు, ఇస్తే ఓసీ తెచ్చేదాక మూడింతల చార్జీ తీసుకోవచ్చు అని జీవో 168లనే రాసి ఉంది. కమర్షియల్ మీటరు బిల్లు మామూలుగనే ఎట్లుంటదో తెలుసు, దాన్ని మూడుతోని గుణించి చూసుకోండి.

ఇప్పటికే కట్టేసినోళ్లు అడుగుతరు, రెగ్యులరైజ్ చేస్తరు కదా అని. బీఆర్‌ఎస్, అంటే బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీము, 2015ల వచ్చింది, 2015 అక్టోబర్ 28 కంటె ముందు కట్టిన వాటికి, అది గూడ హైకోర్టు కేసుల ఇరుక్కుంది. కొత్తగ వస్తదని ఎవరో చెప్పిన మాట మీద స్లాబ్ వేయకండి. మామ లెక్క పాతది ఉన్నోళ్లు ఒక మంచి ఇంజినీరును కూర్చోబెట్టుకొని ఏ భాగం రూల్ లోపల ఉంది, ఏది బయట ఉంది కొలిపించుకుంటే, బయట ఉన్నది తీసేసి మిగతాది సక్రమం చేసుకునే వీలుందా అన్నదన్న తేలుతది. మామకు మేము ఇదే చెప్పినం, రెండో హాలు తీసేయాలంటే ఆయన మనసు ఒప్పుతలేదు, ఇంకా మాట్లాడుతున్నం.

ఓసీ చేతికొచ్చినంక మూడు పనులు ఒకటే వారంల చేయండి. పన్ను అసెస్‌మెంట్ కమర్షియల్ కింద కరెక్టుగ చేయించుకోండి, కరెంటు కేటగిరీ టూ, అంటే కమర్షియల్ మీటర్లు ఒక్కో షట్టర్‌కు వేరుగ పెట్టించండి, తనఖా పెట్టిన 10 శాతం విడుదల కాగితం అడిగి తీసుకోండి. ఓసీ వస్తే అదంతట అదే విడుదలైతది అనుకొని మా బామ్మర్ది ఊకున్నడు, ఆరు నెలలకు లోన్ కోసం పోతే ఆ మడిగె ఇంకా తనఖాలనే ఉందని తేలింది, మళ్ల నన్ను వెంటపెట్టుకొని ఆఫీసుకు పోయిండు, లంచ్ టైం అని గంట సేపు బయట బెంచీ మీద కూసున్నం.